సుఖప్రసవమునకు తోడు: మంత్రసాని



“ఆడుదానికి కాన్పు పునర్జన్మము” అని మన పల్లెలలో నొక మాట కలదు. మన ముత్తవ్వలు ఈ మాటను ఊరక చెప్పలేదు. పురిటిగదిలోనికి పోయిన బిడ్డ తిరిగి నడచివచ్చునో రాదో యని ఇంటిల్లిపాదియు అరుగుమీద కూర్చుండి తెల్లవార్లు వేచిన దినములు వారెఱుగుదురు. 1946వ సంవత్సరమున వెలువడిన భోరు సంఘమువారి నివేదికలో, మన దేశమున వెయ్యి కాన్పులకు సుమారు 20 మంది తల్లులు మరణించుచుండిరని అంచనా వేయబడినది. అనగా లక్ష కాన్పులకు 2,000 మంది. 2018-20 సంవత్సరముల లెక్కలలో ఈ సంఖ్య దేశము మొత్తముమీద లక్షకు 97కును, ఆంధ్రప్రదేశమున 45కును, తెలంగాణమున 43కును దిగివచ్చినది. టీకాలు, రక్తనిధులు, మందులు, రోడ్లు, ఆసుపత్రులు, ఆడుపిల్లల చదువు, పెండ్లియీడు పెరుగుట - వీని యన్నిటి ఫలమిది. ఇందుకు మనమందఱము సంతోషింపవలసినదే.

అయినను ఒక భయము తొలగిన చోట మఱియొక చిక్కు వచ్చి కూర్చుండినది. ఇప్పుడు కాన్పులన్నియు దాదాపుగా ఆసుపత్రులలోనే జరుగుచున్నవి. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలననుబట్టి, తెలంగాణమున నూటికి 97, ఆంధ్రప్రదేశమున నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రులలో జరిగినవి. అదే పరిశీలనలో నింకొక లెక్కయు కలదు. దేశము మొత్తముమీద నూటికి 21 కాన్పులు కడుపుకోసి బిడ్డను తీయు సిజేరియన్ శస్త్రచికిత్సవలన జరుగగా, ఆంధ్రప్రదేశమున 42, తెలంగాణమున 60కి పైగా అట్లు జరిగినవి. తెలంగాణమందలి ప్రైవేటు ఆసుపత్రులను మాత్రమే తీసికొన్నచో నూటికి 81. ఐదుగురు స్త్రీలు కాన్పునకు పోయిన, నలుగురు కడుపున కుట్లతో తిరిగి వచ్చుచుండిరన్నమాట.

మన స్త్రీల శరీరములు ఒక తరములో నింతగా మాఱినవా? కాన్పు అను ప్రకృతికార్యము మన ప్రాంతమున మాత్రమే మఱచిపోబడినదా? నేటి ప్రసంగములో నీ విషయమును కొంత విచారింతము. ఇది ఆడువారి సంగతి, మనకెందులకని మగపెద్దలు లేచిపోరాదని నా ప్రార్థన. ఏలయన, ఆసుపత్రి వాకిట “ఏమి చేయమందురు?” అని వైద్యులడిగినపుడు, సంతకము చేయవలసిన కాగితము చేతికందినపుడు, మాట చెప్పువారు మీరే.

ముందుగా ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. సిజేరియన్ శస్త్రచికిత్స దోషము కాదు. అది కాలమున జరిగిన ప్రాణదానము. మాయ గర్భాశయ ద్వారమునకు అడ్డముగా నున్నపుడు, బిడ్డ అడ్డము తిరిగినపుడు, బిడ్డకంటె ముందుగా బొడ్డుతాడు జారినపుడు, ఎంతసేపు వేచినను దారి చాలక కాన్పు నిలిచిపోయినపుడు, బిడ్డ గుండె కొట్టుకొనుట తప్పినపుడు, ఆ కత్తియే తల్లికిని బిడ్డకును రక్ష. పూర్వము అట్టి స్థితిలో ఇద్దఱును పోయెడివారు. కావున అవసరమున్నచోట వద్దని మంకుపట్టు పట్టువాడు ఎంత తప్పు చేయునో, అవసరము లేనిచోట కావలెనని తొందరించువాడును అంత తప్పే చేయును.

ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2015వ సంవత్సరమున ఒక ప్రకటన చేసిరి. దాని సారమిది: ఒక దేశమున ఈ శస్త్రచికిత్స నూటికి 10 వఱకు పెరిగినకొలదియు తల్లీబిడ్డల మరణములు తగ్గుచుండును, అంతకుమించి పెరిగినను మరణములు మఱింత తగ్గినట్లు కనబడలేదు. ప్రాణములు నిలుపుటకు పనికిరాని కోత దేనికి పనికివచ్చును? నష్టములు మాత్రము కలవు. రక్తము అధికముగా పోవును. గాయము చీముపట్టవచ్చును. కూలికి పోవలసిన స్త్రీ వారములకొలది వంగి బరువెత్తలేదు. బిడ్డకు పాలిచ్చుట ఆలస్యమగును. అన్నిటికంటె ముఖ్యము, మలిచూలునాటికి పాత కుట్టుమీద మాయ అంటుకొని ఊడిరాకపోవచ్చును. నొప్పులలో పాత కుట్టు విడిపోవచ్చును. అనగా తొలి కోత ఖర్చు ఆనాటితో తీరునది కాదు. రాబోవు ప్రతి కాన్పునకును అది అప్పుగా నిలుచును. ఒకసారి కోసినచో ఎల్లపుడును కోయవలసినదే యని కాదు. కారణమునుబట్టి, వైద్యుల కనుసన్నలలో, తరువాతి కాన్పు సహజముగా జరుగుటయు కలదు. కాని అది తగిన వసతులున్న ఆసుపత్రిలోనే జరుగవలెను.

ఇంతగా కోతలు పెరుగుటకు కారణము వైద్యుల ధనాశయే యని కొందఱందురు. అది కొంతవఱకు నిజము కావచ్చును. కాని అంతయు నదే కాదు. సహజమైన కాన్పునకు కాలము పట్టును. తొలిచూలు స్త్రీకి ఒక పగలు, ఒక రాత్రి పట్టుటయు వింత కాదు. అంతకాలము ఆమె ప్రక్కను కూర్చుండి, చేయి పట్టుకొని, నడుము రాచి, బిడ్డ గుండె వినుచు, ధైర్యము చెప్పుచుండు మనిషి యొకరు కావలెను. నలుబదిమంది రోగులను చూచుకొనవలసిన వైద్యునికి ఆ తీరిక యెక్కడిది? శస్త్రచికిత్స గంటలో ముగియును. ఇక నొప్పులకు భయపడిన పిల్ల కోసివేయుమని ఏడ్చును. ఆ యేడ్పు వినలేక తల్లి ఏడ్చును. బయట తండ్రి “ఏదో యొకటి చేయుడు” అనును. దీనికి తోడు ముహూర్తము. ఇన్ని తొందరల నడుమ, వేచియుండుటకు తీరికయు, నేర్పును ఉన్న మనిషి లేకపోవుటయే అసలు లోపము.

ఆ మనిషి మనకు పూర్వము లేకపోలేదు. ఆమెయే మంత్రసాని. ప్రతి ఊరను ఒకరిద్దఱుండిరి. పిలిచిన వెంటనే వానయైనను, చీకటియైనను వచ్చెడిది. పిల్లను మందలించియో, లాలించియో, పురాణకథలు చెప్పియో రాత్రి గడపెడిది. కాన్పయిన పిమ్మట పదిదినములు తల్లికి నలుగిడి, బిడ్డకు నీళ్లు పోసి పోయెడిది. ఆమెకు చాటెడు బియ్యము, ఒక చీర ఇచ్చి మనము ఋణము తీరినదనుకొంటిమి. ఆమె చేతిలో గుణము గొప్పది. అది ఓర్పు. లోపమును కలదు. ఆ చేతులు శుభ్రముగా నుండవలెనని ఆమెకు చెప్పినవారు లేరు. కొడవలితోనో, వెదురుబద్దతోనో బొడ్డుకోసి, దానిమీద బూడిదయో పేడయో అద్దుటవలన ఎందఱో పసికందులు ధనుర్వాతముచే ఏడెనిమిది దినములకే బిగిసి మరణించిరి. గర్భిణులకు టీకాలు వేయుట, శుభ్రమైన బ్లేడుతో బొడ్డుకోయుట నేర్చిన పిమ్మట ఈ వ్యాధి తగ్గి, 2015వ సంవత్సరమున మన దేశము పురిటి ధనుర్వాతమును ప్రజారోగ్యసమస్యగా నిర్మూలించినదని ప్రకటింపబడినది.

అయితే చేతులు కడుగని దోషము చదువు లేని మంత్రసానిదే యని ఎవరును గర్వపడ నవసరము లేదు. ఐరోపాఖండమున వియన్నా నగరపు పెద్ద ఆసుపత్రిలో రెండు పురిటి విభాగములుండెడివి. ఒకదానిలో వైద్యులును వైద్యవిద్యార్థులును, రెండవదానిలో మంత్రసానులును కాన్పులు చేసెడివారు. 1840 తరువాతి సంవత్సరములలో వైద్యుల విభాగమున నూటికి సుమారు పదిమంది బాలింతలు పురిటిజ్వరముచే మరణించుచుండగా, మంత్రసానుల విభాగమున నలుగురికంటె తక్కువమంది మరణించుచుండిరి. ఆ సంగతి తెలిసిన స్త్రీలు వైద్యుల విభాగమునకు పంపవలదని కాళ్లమీద పడి వేడుకొనెడివారట. సెమ్మెల్‌వైస్ అను యువవైద్యుడు ఈ వింతకు కారణము వెదకెను. 1847లో అతని మిత్రుడగు మఱియొక వైద్యుడు, శవపరీక్షచేయు సమయమున కత్తి గీచుకొని, సరిగా పురిటిజ్వరపు లక్షణములతోనే మరణించెను. అంతట సెమ్మెల్‌వైస్‌నకు గుట్టు తెలిసెను. విద్యార్థులు శవములను కోసిన చేతులతోనే వచ్చి పురిటిస్త్రీలను పరీక్షించుచుండిరి. మంత్రసానులకు శవములతో పని లేదు. అతడు అందఱను సున్నపు క్లోరిను నీటిలో చేతులు కడుగుమని ఆజ్ఞాపింపగా, మరుసటి సంవత్సరమున ఆ విభాగమున మరణములు నూటికి రెండుకంటె తక్కువకు దిగినవి. తోటి పండితులలో పెక్కుమంది చిరకాలము అతని మాటను నమ్మలేదు. అది వేఱు కథ. మనము గ్రహింపవలసినది ఇది: పాత మంత్రసాని యోర్పునకు నేటి శాస్త్రపు శుభ్రతయు, చదువును తోడైనచో, అంతకు మించిన తోడు కాన్పున మఱొకటి లేదు.

అట్టి చదివిన మంత్రసానులు ఇంగ్లండు, స్వీడను మొదలగు దేశములలో చాలకాలముగా నున్నారు. ఆరోగ్యముగానున్న గర్భిణుల కాన్పులు అచ్చట సామాన్యముగా మంత్రసానులే చేయుదురు. చిక్కు కనబడినపుడే వైద్యులు వత్తురు. మన ప్రాంతమునను ఈ పని ఆరంభమైనది. హైదరాబాదు నగరమున 1948లో చిన్న ప్రసూతిగృహముగా వెలసిన ఫెర్నాండెజ్ ఆసుపత్రివారు 2011 నుండి ఇట్టి శిక్షణ నిచ్చుచు వచ్చిరి. 2017వ సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము, ఆ సంస్థయొక్కయు యునిసెఫ్‌యొక్కయు సహాయముతో, ప్రభుత్వపు నర్సులకు మంత్రసాని విద్య నేర్పుట కరీంనగరమున ప్రారంభించినది. 2018 డిసెంబరులో కేంద్రప్రభుత్వము దేశమంతటికిని మంత్రసాని సేవల విధానమును ప్రకటించినది. నర్సు విద్య ముగించి, కాన్పులు చేసిన అనుభవము కలవారికి మఱి 18 నెలలు ప్రత్యేక శిక్షణ యిచ్చుట దీనిలోని పద్ధతి. వీరు మన పాత మంత్రసానులును కారు, సూదులు వేసి పోవు నర్సులును కారు. సహజప్రసవమును కాచుటయే వీరి విద్య.

ఈ కాచుట యన నేమో తెలియుటకు కాన్పు జరుగు తీరు కొంత తెలియవలెను. గర్భాశయము బలమైన కండరముల సంచి. దాని మూతి తొమ్మిదినెలలు గట్టిగా బిగిసియుండును. నొప్పి యనగా ఆ సంచి బిగిసి వదలుట. ప్రతి బిగింపునను మూతి కొంచెము కొంచెముగా మెత్తబడి, పలుచనై, తెఱచుకొనును. అది సుమారు 10 సెంటీమీటర్లు తెఱచుకొన్న పిమ్మట బిడ్డ తల క్రిందికి జారును. ఆరంభదశలో నొప్పులు వచ్చుచు పోవుచు, ఒక్కొక్కపుడు ఒక దినమంతయు గడచిపోవచ్చును. అది వ్యర్థమైన కాలము కాదు, నేల దుక్కి యగుచున్నదన్నమాట. మూతి 5 సెంటీమీటర్లు తెఱచుకొన్నప్పటినుండియే నిజమైన కాన్పునొప్పులుగా లెక్కింపవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2018వ సంవత్సరమున చెప్పిరి. అచ్చటినుండి తొలిచూలునకు 12 గంటల వఱకు, మలిచూలునకు 10 గంటల వఱకు పట్టవచ్చును. గంటకొక సెంటీమీటరు తెఱచుకొనవలెనను పాత నియమము ప్రతి స్త్రీకిని వర్తింపదనియు, తల్లియు బిడ్డయు బాగుగా నున్నచో ఆ కారణముచేతనే తొందరింపరాదనియు వారు స్పష్టపఱచిరి.

ఈ బిగింపులను నడపునది ఆక్సిటోసిన్ అను ఒక రసము. అది తల్లి మెదడునుండి ఊరును. దీనికొక స్వభావము కలదు. నెమ్మది, చీకటి, నమ్మకము ఉన్నచోట అది బాగుగా ఊరును. భయము, గద్దింపు, కొత్తముఖములు ఉన్నచోట ఇంకిపోవును. పశువులను పెంచిన మీకు ఇది నేను చెప్పనక్కఱలేదు. ఈనబోవు ఆవు మందను విడిచి యొక మూలకు పోవును. అప్పుడు పదిమంది చుట్టుచేరి అల్లరిచేసినచో అది లేచి తిరుగును, ఈనిక ఆలస్యమగును. అందుచేతనే మీరు పిల్లలను దూరముగా పొండని తఱుముదురు. పశువునకు చూపు ఈ మర్యాదను మన కూతులకు కోడండ్రకు చూపకపోవుట న్యాయమా?

ఇప్పుడొక యింటిని మనస్సున నుంచుకొందము. తొలికాన్పునకు కూతురు పుట్టింటికి వచ్చినది. ఒక సాయంకాలము నడుము పట్టివేయుచు నొప్పులారంభమైనవి. వియ్యంకులు మాటిమాటికి ఫోను చేయుచున్నారు. ఆసుపత్రికి చేరునప్పటికి అర్ధరాత్రి. పరీక్షించి, మూతి 3 సెంటీమీటర్లే తెఱచుకొన్నదనిరి. తెల్లవాఱుజామునకు 5. పిల్ల అలసి ఏడ్చుచున్నది. ఇచ్చట రెండు దారులున్నవి. ఒకటి, ఆమెను బల్లమీద వెల్లకిల పరుండబెట్టి, తల్లిని బయటకు పంపి, అఱవవద్దని గద్దించి, చివఱకు “కాన్పు సాగుటలేదు” అని కోతకు తీసికొనిపోవుట. రెండవది మంత్రసాని దారి.

మంత్రసాని మొదట ఆ పిల్లను పేరుపెట్టి పిలుచును. తల్లినో, అత్తనో, అక్కనో, భర్తనో, ఆమె కోరినవారిని ప్రక్కనుండనిచ్చును. ప్రభుత్వ ఆసుపత్రులలో ఇట్లు ఒక తోడును అనుమతింపవచ్చునని కేంద్రప్రభుత్వము 2016లోనే తెలిపినది. ఇది దయాదాక్షిణ్యముల మాట మాత్రమే కాదు. 17 దేశములలో 15,000 మందికి పైగా స్త్రీలమీద జరిగిన పరిశోధనలను కూర్చి చూడగా, కాన్పు పొడుగునను ఒక తోడున్న స్త్రీలకు సహజప్రసవములు హెచ్చుగను, కోతలు తక్కువగను జరిగినవనియు, కాన్పుకాలము కొంత తగ్గినదనియు తేలినది. మందు కాని మందు ఇది. కాసు ఖర్చు లేదు.

తరువాత ఆమె పిల్లను లేపి నడిపించును. నిలుచుండుట, గోడకు ఆనుకొనుట, మోకాళ్లమీద వంగుట, గొంతుకూర్చుండుట, ఎడమప్రక్కకు పరుండుట - పిల్లకు ఏది హాయియో అది చేయనిచ్చును. వెల్లకిల పరుండినచో గర్భపు బరువు పెద్ద రక్తనాళముమీద పడి బిడ్డకు రక్తము తగ్గును. పైగా బిడ్డ దిగువకు రావలసినది, ఎదురెక్కవలసివచ్చును. మన ముత్తవ్వలు దూలమునకు త్రాడుకట్టి, దానిని పట్టుకొని గొంతుకూర్చుండి కనిరన్నచో, అది మొఱటుతనము కాదు; నేల ఈడ్పును సాయము తెచ్చుకొన్న తెలివి. మంత్రసాని పిల్లకు మజ్జిగయో, గంజియో, కొబ్బరినీళ్లో ఇచ్చును. నడుము రాచును, గోరువెచ్చని నీళ్లు పోయించును. ఈ నడుమ ఆమె చెవియు కన్నును ఏమరవు. వేళకొకసారి బిడ్డ గుండె వినును. తల్లి నాడి, రక్తపుపోటు, జ్వరము చూచును. ఉమ్మనీరు రంగు చూచును. అంతయు కాగితముమీద వ్రాసియుంచును. హద్దు దాటినట్లు తోచిన మఱుక్షణమున వైద్యుని పిలుచును. ఊరక వేచియుండుటకును, మెలకువతో వేచియుండుటకును ఇదియే భేదము.

ఆమె చేయని పనులును కలవు. వెండ్రుకలు గొఱుగుట, ఎనిమా యిచ్చుట, ప్రతి తొలిచూలు స్త్రీకిని దారివద్ద కత్తెర వేయుట - ఇవి నియమముగా అందఱకును చేయవలసినవి కావని ఇప్పుడు తేలినది. కడుపుమీద ఎక్కి నొక్కి బిడ్డను త్రోయుట చేయరాని పని; దానివలన గర్భాశయము చిట్లవచ్చును.

బిడ్డ పుట్టగనే కోసి ఎత్తుకొనిపోక, తుడిచి, తల్లి ఱొమ్ముమీద చర్మమునకు చర్మము తగులునట్లు పరుండబెట్టి, పైన బట్ట కప్పును. బొడ్డుతాడును ఒక నిమిషమైనను గడచినగాని కోయదు. ఆ నిమిషమున మాయలోని రక్తము బిడ్డకు చేరి, పాండురోగమునకు రక్షయగును. తల్లికి వెంటనే ఆక్సిటోసిన్ సూది వేయును. ఇది రక్తస్రావమును ఆపు సూది, దీనిని వద్దనరాదు. మొదటి గంటలోనే ముఱ్ఱుపాలు త్రాగించును. పెద్దలారా! ఆ పసుపుపచ్చని పాలు చెడ్డవని పిండి పాఱబోయు ఆచారము కొన్ని యిండ్లలో నుండెడిది. దూడకు జున్నుపాలు మానుపించిన యేమగునో మీరెఱుగుదురు. తేనె, చక్కెరనీళ్లు, ఆముదము నాలుకకు రాయవలదు. స్నానము మొదటి దినము దాటినపిమ్మటనే. బాలింతకు పథ్యమను పేర నీళ్లు, కూరలు, పప్పు మానుపించి ఎండగట్టవలదు. రక్తము పోయిన శరీరమునకు అన్నము కావలెను. పాలు ఊరుటకు నీళ్లు కావలెను.

ఇక కాన్పునకు ముందు ఇంటిపెద్దలు చేయవలసినది చెప్పెదను. గర్భము నిలిచినదని తెలిసిన నెలలోనే పేరు వ్రాయించి, రక్తము, రక్తపుపోటు, మూత్రము పరీక్ష చేయింపవలెను. ఇనుము మాత్రలు మానక మ్రింగింపవలెను. రక్తము తక్కువగానున్న స్త్రీకి గ్లాసెడు రక్తము పోయినను ప్రమాదమే. ఏ ఆసుపత్రికి పోవలెను, అచ్చట శిక్షణ పొందిన మంత్రసాని కలదా, రాత్రివేళ బండి యెవరిది, రక్తమిచ్చువారెవరు - ఇవి సీమంతమునాటికే తేల్చుకొనవలెను. 2005 నుండి నడచుచున్న 108 బండిని పిలుచుట ఇంటిలోని ప్రతివారికిని తెలియవలెను. సహజప్రసవమన్నచో ఇంటికాన్పని యెవరును పొరబడకుందురు గాక. ఆరోగ్యవతికైనను చిక్కు ఎప్పుడు వచ్చునో చెప్పలేము. ఓర్పు మంత్రసానిది, కత్తి ప్రక్కగదిలోనిది. రెండును ఒక కప్పు క్రింద నుండవలెను.

నొప్పులు తొందరగా వచ్చునని ఇంటికడ ఎవరిచేతనో సూది వేయించుట మహాపాపము. ఆ సూది కొలత తప్పినచో నొప్పులు ఎడతెగక వచ్చి, బిడ్డకు ఊపిరి అందక పోవును. గర్భాశయము చిట్లి తల్లియు పోవచ్చును. కాన్పయిన తరువాత రక్ష యగు మందే, కాన్పునకు ముందు చేతగానివాని చేతిలో విషమగును.

వేచియుండరాని గుర్తులు గూడ కంఠపాఠముగా నుండవలెను. నొప్పులకు ముందుగాని నడుమగాని రక్తము కనబడుట, ఉమ్మనీరు పోవుట, అందును అది ఆకుపచ్చగా నుండుట, బిడ్డ కదలిక తగ్గుట, తీవ్రమైన తలనొప్పి, కన్నులు మసకబాఱుట, ముఖము చేతులు ఉబ్బుట, మూర్ఛ, దీనినే మనవారు గుఱ్ఱపువాతమందురు, జ్వరము, బొడ్డుతాడో, చేయియో, కాలో ముందుగా బయటపడుట. కాన్పయిన పిమ్మట బట్టవెంట బట్ట తడిసిపోవుట, మాయ అరగంట దాటినను పడకుండుట. వీనిలో ఏ యొక్కటి కనబడినను దిష్టి తీయుటకు గాని, మంచివేళ చూచుటకు గాని నిలువరాదు. రక్తస్రావమున ఒక స్త్రీ రెండుగంటలలో పోవచ్చును. అచ్చట వైద్యులు కోయవలెనన్నచో, కారణమడిగి తెలిసికొని, వెంటనే సరేయనవలెను.

చివఱిగా ముహూర్తము మాట. దీనిని నేను ఎగతాళిచేయుటకు రాలేదు; మన పెద్దల విశ్వాసమును గౌరవించియే చెప్పుచున్నాను. బిడ్డ పుట్టిన వేళనుబట్టి జాతకము వ్రాయుదురు. జాతకమునుబట్టి పుట్టుకవేళను కోసి తెచ్చుట ఏ పూర్వులును చేయలేదు. మంచి నక్షత్రము కొఱకు నొప్పులు రాకముందే, 39 వారములైనను నిండకముందే తీసిన బిడ్డకు ఊపిరితిత్తులు పక్వము కాక, పుట్టిన గడియనుండి గాలికొఱకు పెనుగులాడవలసివచ్చుట తఱచుగా జరుగుచున్నది. గాజుపెట్టెలో గొట్టములతో గడచు మొదటి వారము ఏ రాజయోగమునకు నాంది? కాయ పండి రాలు వేళ చెట్టునకు తెలియును. నొప్పులు మొదలగు ఆ గడియయే బిడ్డ తానుగా నిర్ణయించుకొన్న ముహూర్తము. మీ ఊరి పురోహితులును ఈ మాట చెప్పుదురేని, వందమంది వైద్యులు చెప్పినదానికంటె హెచ్చుగా ఫలించును.

మనము మనస్సున నుంచుకొన్న ఆ ఇంటికి మరల పోదము. తెల్లవాఱినది. పిల్ల ఏడ్చుచున్నది. తండ్రి వరండాలో నిలుచుండి యున్నాడు. మంత్రసాని వచ్చి, “అయ్యా! అమ్మాయి బాగుగా నున్నది, బిడ్డ గుండె బాగుగా నున్నది. ఇంక కొంత కాలము కావలెను” అన్నది. ఆ తండ్రి “ఇంకెంతసేపు? కోసివేయరాదా?” అని కసరవచ్చును. లేక, “సరే తల్లీ, మీరు చూచుకొనుడు, నేనిచ్చటనే యుందును” అని కూర్చుండవచ్చును. ఆ రెండు మాటల నడుమనే ఆ పిల్ల కడుపున కోత యుండుటయు లేకుండుటయు తఱచుగా నిర్ణయమగుచున్నది. అదే మంత్రసాని వచ్చి, “బిడ్డ గుండె తగ్గుచున్నది, వైద్యునితో మాటలాడితిని, ఇక ఆగరాదు” అన్నచో, ఆ తండ్రియే క్షణమాలస్యము లేక సంతకము చేయవలెను.

వేచియుండవలసిన వేళ వేచియుండుట, పరుగెత్తవలసిన వేళ పరుగెత్తుట, ఏది యేదో తెలిసినవారి మాట వినుట - ఈ మూడును కలిసినదే కాన్పువేళ పెద్దఱికము. మీ ఊరి ఆశాకార్యకర్తను, నర్సును రేపు పలుకరించి, మన ప్రాంతపు ఆసుపత్రిలో మంత్రసాని సేవ కలదా యని అడుగుడు. లేనిచో, రావలెనని కోరుడు. మన బిడ్డలు అడుగలేని మాటను అడుగుటకే గదా మనము పెద్దలమైనది.